641 దగ్గర దొరికిపోయిన 4294967297

[తెర మీద ఒక్కో అంకె పడుతుంది: 4294967297]

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఒక్క దమ్ములో చదవడమే కష్టం. ఇది ప్రధాన సంఖ్యేనా?

[3, 5, 17, 257, 65537]

1640లో పియర్ ద ఫెర్మా అవుననే అనుకున్నాడు. ఆయన ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో న్యాయాధికారి, లెక్కలు తీరిక వేళల సరదా. 2తో మొదలుపెట్టి వర్గం చేస్తూ పోండి: 2, 4, 16, 256, 65536. ఒక్కోదానికీ 1 కలపండి. ఐదూ ప్రధాన సంఖ్యలే. 65536ని వర్గం చేసి 1 కలిపితే మన సంఖ్య. ఇక్కడి నుంచీ అన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని ఆయన నమ్మకం. రుజువు దొరకలేదని ఆయనే ఒప్పుకున్నాడు లెండి.

1729లో గోల్డ్‌బాఖ్ అనే గణితవేత్త ఈ సంగతి మరో గణితవేత్త ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో, పాతికేళ్ల వయసులో, ఆయిలర్ తేల్చేశాడు.

[641 × 6700417 = 4294967297]

మన సంఖ్య వర్గమూలం 65536కి కాస్త పైన, కాబట్టి వరుసగా భాగిస్తూ పోతే 65536 లోపున్న 6542 ప్రధాన సంఖ్యలతో ప్రయత్నించాలి. కానీ అన్నీ చూడక్కర్లేదు. ఈ సంఖ్యని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆ గుట్టు ఆయిలర్ తర్వాత ఒక వ్యాసంలో విప్పాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే పని అయిపోయింది!

భాగహారం కూడా చెయ్యకుండా చూపిస్తాను. కాగితం తీయండి.

[640 = 5 × 2⁷]

640ని 641తో భాగిస్తే, ఒకటి తక్కువ కాబట్టి, శేషం మైనస్ 1 అనుకోవచ్చు. నాలుగో ఘాతానికి ఎత్తితే మైనస్ పోతుంది: 5⁴ × 2²⁸కి శేషం 1.

[641 = 625 + 16 = 5⁴ + 2⁴]

ఇదే కిటుకు. 641తో భాగించే లెక్కలో 5⁴ అన్నా, మైనస్ 2⁴ అన్నా ఒకటే. మార్చి రాయండి: మైనస్ 2³²కి శేషం 1. అంటే 2³² + 1కి శేషం సున్నా. మన సంఖ్య అదే కదా. 641 ఇలా రెండు వేషాల్లో కనిపించడం నాకెప్పుడూ వింతే.

ఇంకో దారీ ఉంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. మన సంఖ్యా 4తో భాగిస్తే 1 మిగిలేదే. దీన్ని చూడండి.

[65536² + 1²]
[62264² + 20449²]

రెండూ 4294967297 అవుతాయి. కావాలంటే ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి చూసుకోండి. ఇక్కడ కారణాంకం ఒక్కటీ తెలియకుండానే ఫెర్మా మాట తప్పని తేలిపోతుంది.

ఈ వరుసలో 65537 తర్వాత ఇంతవరకు ఒక్క ప్రధాన సంఖ్యా దొరకలేదు. 3ని మొదటిదిగా లెక్కిస్తే 33వ సంఖ్య దాకా అన్నీ కారణాంకాలుగా విడిపోయేవేనని తేలింది. 34వదానికి 258 కోట్లకు పైగా అంకెలు. దాని సంగతి ఇంకా తేలలేదు.