ముందు ఏ లైను?

హన్మకొండలో నెట్ సెంటర్లు, మీసేవలు నడుపుతున్న అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఒకసారి మా సెంటర్‌లో ఫైబర్ లైన్ ఆగిపోయింది. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి పని నడిపించాను. గంటలో లైన్ వచ్చింది, వైఫై కలిసింది. ఫోన్ తీయడం మరిచిపోయాను. మధ్యాహ్నానికి ఆ రోజు డేటా అయిపోయింది. పరకాల నుంచి వచ్చిన అమ్మాయి, వాళ్ల నాయన నా ముందు కూర్చొని ఉన్నారు. పేజీ తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల ముఖంలోని టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. కేబుల్ పీకేస్తే గానీ పేజీ తెరుచుకోలేదు.

వైఫై ఉండగా కంప్యూటర్ ఫోన్ వెంట ఎందుకు పోయింది? విండోస్ ప్రతి కనెక్షన్‌కూ మెట్రిక్ అనే అంకె వేస్తుంది. అంకె చిన్నదైతే ఆ కనెక్షన్ ముందు. ఆ అంకె వేసేది లింక్ వేగాన్ని బట్టి. మనం తప్పుపడేది ఇక్కడే. లింక్ వేగమంటే కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య, లేదా కంప్యూటర్‌కూ ఫోన్‌కూ మధ్య ఉండే వేగం. ఆ తర్వాత లైన్ ఎలా ఉందో విండోస్‌కు తెలియదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా రైలు ఎంత జోరుగా వచ్చినా, అవతల బల్హార్షా లైన్ ఖాళీగా ఉందో లేదో ఆ జోరు చెప్పదు కదా. డేటా ప్యాక్ ఎంత మిగిలిందో అసలే తెలియదు.

అందుకే అంకె మనమే వేయాలి. రన్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) కొట్టి, కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఐపీ వెర్షన్ 4 తెరిచి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. ఆటోమేటిక్ మెట్రిక్ టిక్కు తీసేసి ఫైబర్ వచ్చే వైఫైకి 10, ఫోన్‌కు 50 ఇవ్వండి. వెర్షన్ 6లోనూ ఇదే చేయాలి. దాన్ని వదిలేస్తే సగం పనే అయినట్టు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో రౌట్ ప్రింట్ (route print) కొట్టి, ఇంటర్నెట్‌కు పోయే దారులు చూపే 0.0.0.0 వరుసల్లో చిన్న అంకె దేనికి ఉందో చూడండి.

లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా కేబుల్‌కు 100, వైఫైకి 600 వేస్తుంది. మ్యాక్‌లో అంకెలుండవు, కనెక్షన్ల వరుస మార్చుకోవడమే.

సీసీ కెమెరాల రికార్డర్‌ను కంప్యూటర్‌లోని రెండో నెట్‌వర్క్ కార్డుకు నేరుగా కలిపినవాళ్లు ఆ కార్డులో గేట్‌వే గడి, అంటే బయటికి దారి చూపే అడ్రసు రాసే చోటు, ఖాళీగా ఉంచండి. అక్కడ ఇంటర్నెట్ లేదు, దారి ఉందని కంప్యూటర్‌కు చెప్పకూడదు.

ఒక్కమాట. రౌటర్ వెలుగుతూనే ఉండి బయట లైన్ తెగితే ఈ అంకె కాపాడదు. అప్పుడు వైఫై మీరే ఆపాలి.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు తెరవండి, మీ అంకెలు చూద్దాం.