పాత ట్రాక్స్ బెంజ్ ఇంజన్‌కి టర్బో: ఏ ఇన్‌టేక్ మానిఫోల్డ్ పెట్టాలి? | నెల్లూరు ఆటోనగర్ రివ్యూ

అందరికీ నమస్తే అండి. ఈ రోజు టేబుల్ మీద రెండు ఇన్‌టేక్ మానిఫోల్డులు, అంటే సిలిండర్లకు గాలి పంచే పైపు అమరికలు ఉన్నాయి. ఒకటి ఇనుప పైపులు కోసి, వెల్డింగ్ పెట్టి కొత్తగా కట్టింది. రెండోది బండితో వచ్చిన అల్యూమినియం మానిఫోల్డే. దాని గాలి వచ్చే మూతి కోసి, దిశ మార్చి ఆర్గాన్ వెల్డింగ్ చేయించాం. రెండూ ఇక్కడే నెల్లూరు ఆటోనగర్‌లో తయారయ్యాయి. ఒకే బండికి, ఒకే టర్బోతో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి గాలిని ఇంజన్‌లోకి తోసే పరికరం), ఒకే రోడ్డు మీద రెండింటినీ తిప్పి చూశాం.

బండి సంగతి ముందు చెప్తాను. రాపూరు, పొదలకూరు వైపు నిమ్మకాయ బస్తాలు తోలే పాత టెంపో ట్రాక్స్. 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మారకముందు, బజాజ్ టెంపో పేరుతో వచ్చిన బండి. జీపులా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది కారు ఇంజనే. బెంజ్ వాళ్ళు 1973లో 240డి కారులో పెట్టిన ఓఎం 616. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ (డీజిల్‌ని ముందు ఒక చిన్న గదిలోకి చిమ్మే పద్ధతి), కంప్రెషన్ 21:1. ఇదే కుటుంబంలో ఐదు సిలిండర్లది ఓఎం 617. దానికి కంపెనీయే టర్బో వేసి, 1978లో 300ఎస్‌డి కారులో అమ్మింది. టర్బో డీజిల్‌తో వచ్చిన మొదటి ప్యాసింజర్ కారు అదే.

కాబట్టి ఈ జాతి ఇంజన్‌కి టర్బో కొత్తేమీ కాదు. కానీ కంపెనీ టర్బో వేసినప్పుడు ఊరికే వేయలేదు, పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు పెట్టింది. టర్బో కోసం కట్టని ఇంజన్‌లో ఆ జెట్లు ఉంటాయని అనుకోకూడదు. అందుకే మేము టర్బో ప్రెషర్‌ని పది పీఎస్ఐ దగ్గర, అంటే సుమారు 0.7 బార్ దగ్గర ఆపేశాం. అంతకు మించి అడగొద్దండి, హెడ్ ప్యాకింగ్ (గాస్కెట్) పోతుంది.

విదేశాల్లో కొందరు ఆ ఐదు సిలిండర్ల టర్బో మానిఫోల్డ్‌నే తెచ్చి, ఒక పోర్టు కోసేసి నాలుగుకి సరిపెట్టుకుంటారు. మనకు ఆ సామాను దొరకదు. ఉన్నదాన్ని మార్చుకోవడమో, కొత్తది కట్టుకోవడమో, రెండే దార్లు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ ఫ్లాంజి, అంటే ఇంజన్‌కి ఆని బిగిసే ప్లేటు చూడండి. ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు ఉంటాయి. ప్యాకింగ్ ఒకటే. ఈ స్టడ్డు మీద కూర్చునే మందపాటి వాషర్ సగం ఇన్‌టేక్ ఫ్లాంజిని, సగం ఎగ్జాస్ట్ ఫ్లాంజిని నొక్కి పట్టాలి. మరి ఇన్‌టేక్ ఫ్లాంజి ఒక మందం, ఎగ్జాస్ట్ ఫ్లాంజి ఇంకో మందం ఉంటే ఏమవుతుంది? ఇదిగో, వేలితో నొక్కుతున్నాను, వాషర్ ఊగుతోంది. నట్టు ఎంత బిగించినా మందంగా ఉన్న వైపే పడుతుంది, రెండో వైపు వదులు. ఇనుప మానిఫోల్డ్‌తో మాకు వచ్చిన మొదటి ఇబ్బంది ఇదే. చూడటానికి వెల్డింగ్ చక్కగా ఉంది, రంగు వేశారు, పైపుల వంపులు ముచ్చటగా ఉన్నాయి. కానీ ఫ్లాంజికి దొరికిన ప్లేటు వాడేశారు, ఎగ్జాస్ట్ ఫ్లాంజి మందం కొలవలేదు. లేత్ షాపులో ఫేసింగ్ (పైభాగం చెక్కి చదును చేయడం) చేయించి రెండూ సమం చేశాకే బిగిసింది.

ఇంకోటి. వెల్డింగ్ వేడికి ఫ్లాంజి వంగుతుంది. ఇనుమైనా అంతే, అల్యూమినియమైనా అంతే. ఈ స్కేలు ఇలా నిలువుగా పెట్టి, కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ దూరుస్తున్నాను. 0.1 మిల్లీమీటరు పత్తీ ఎక్కడా దూరకూడదు. దూరిందంటే మళ్ళీ ఫేసింగ్‌కి పంపాల్సిందే. ప్యాకింగ్‌కి రెండు పూతలు సొల్యూషన్ రాసి సర్దేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నాన్-టర్బోలో అయితే లోపల గాలి లాగుడే, చిన్న సందు ఉన్నా తెలియదు. టర్బోలో లోపల నుంచి తోపుడు ఉంటుంది, ఆ సందు రోజురోజుకీ పెరుగుతుంది.

లీకు చూడటానికి ఖరీదైన మిషన్లు అక్కర్లేదు. పోర్టులన్నీ ప్లేటు, రబ్బరు షీటుతో మూసి, ఒక వైపు నుంచి కంప్రెసర్ గాలి ఒక బార్ వరకు పెట్టి, పంక్చర్ షాపులో ట్యూబులు ముంచే తొట్టిలో ముంచాం. అల్యూమినియం దాంట్లో వెల్డింగ్ గీత పక్కనే సన్నటి బుడగలు వచ్చాయి. పాత పోత కదండీ, ఏళ్ళ తరబడి ఆయిల్ పీల్చుకుని ఉంటుంది. బాగా కడిగి, వేడి చేసి, ఆ ఆయిల్ బయటికి తెప్పించి మళ్ళీ గీత వేస్తే అప్పుడు ఆగింది. ఆర్గాన్ చేసే మేస్త్రి ఓపిక మీదే అంతా ఉంది.

మరి పైపు సైజు ఎంత ఉండాలి? లావు పైపు వేస్తే పికప్ ఎక్కువ వస్తుందని చాలామంది నమ్మకం. లెక్క చూడండి. 2.4 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి తీసుకుంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3600 లీటర్లు. రెండు అంగుళాల పైపులో ఆ గాలి సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతుంది. అది ఇబ్బంది పడే వేగం కాదు. మూడు అంగుళాలు వేసి బానెట్ కింద చోటు పాడు చేసుకోవడం తప్ప లాభం లేదు. పైగా డీజిల్‌లో రన్నర్ (ఒక్కో సిలిండర్‌కి పోయే పైపు) పొడవు కొలిచి ట్యూన్ చేయాలనే ఆలోచన కూడా పక్కన పెట్టేయండి. గాలిని టర్బో తోస్తోంది, పొడవుతో వచ్చే తేడా మన రోడ్ల మీద తెలియదు.

తెలిసేది ఏంటంటే, నాలుగు సిలిండర్లకీ గాలి సమానంగా అందుతోందా లేదా అన్నది. పంపు నాలుగింటికీ ఒకే కొలత డీజిల్ ఇస్తుంది. గాలి తక్కువ అందిన సిలిండర్ పొగ పోస్తుంది, వేడెక్కుతుంది. ఇనుప మానిఫోల్డ్‌కి గాలి ముందు వైపు చివర నుంచి వస్తుంది. వేగంగా వచ్చిన గాలి మొదటి పోర్టు దాటేసి వెనక్కి దూసుకుపోతుంది. లోడ్ మీద నడిపి వచ్చి, ఎగ్జాస్ట్ పోర్టుల మీద టెంపరేచర్ గన్ పెడితే మొదటి సిలిండర్ మిగతా వాటికంటే వేడిగా కనిపించింది. అల్యూమినియం దానికి మూతి సరిగ్గా మధ్యలో, రెండో సిలిండర్‌కీ మూడోదానికీ నడుమ పెట్టించాం. దాంతో నాలుగూ దగ్గర దగ్గరగా వచ్చాయి. నాకు ఈ ఒక్క తేడా చాలు, ఏది మేలో చెప్పడానికి.

ఇనుము మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. మనది సముద్రం పక్క జిల్లా. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు గేటుకి రంగు వేస్తే ఎన్నాళ్ళు ఆగుతుందో మీకు తెలుసు. మానిఫోల్డ్ లోపల రంగు కూడా ఉండదు. తుప్పు పొక్కులు లేస్తే అవి పోయేది నేరుగా పిస్టన్ మీదికే, మధ్యలో ఫిల్టర్ లేదు. వెల్డింగ్ పూసలు కూడా అంతే. లోపల చెయ్యి పట్టని చోట పూస మిగిలితే ఒక రోజు ఊడి వాల్వులో పడుతుంది. ఇనుమే కావాలంటే స్టెయిన్‌లెస్ వాడండి, లోపల గ్రైండింగ్ కనపడేలా చేయించి, చూసుకుని బిగించండి.

ఇప్పుడు బ్రీదర్ పైపు. దీన్ని అందరూ మర్చిపోతున్నారు. పాత మానిఫోల్డ్‌కి ఇంజన్ ఆవిరి వచ్చే గొట్టం తగిలించి ఉంటే, టర్బో వేశాక దాన్ని అక్కడ ఉంచకూడదు. ఉంచితే టర్బో గాలి ఆ గొట్టంలోంచి వెనక్కి, ఇంజన్ అడుగుకి పోతుంది. డిప్‌స్టిక్ ఎగిరి బయటికి వస్తుంది, సీళ్ళ దగ్గర ఆయిల్ కారుతుంది. ఆ కన్ను మూసేసి, గొట్టాన్ని టర్బోకి ముందు, ఎయిర్ ఫిల్టర్ తర్వాత కలపండి, మధ్యలో ఆయిల్ పట్టే డబ్బా పెట్టండి. డీజిల్ ఇంజన్ ఇన్‌టేక్‌లోకి ఆయిల్ ధారగా వస్తే ఆ ఆయిల్‌నే తాగి పరిగెడుతుంది, తాళం తీసేసినా ఆగదు.

అంతకంటే ప్రమాదం బటర్‌ఫ్లై ఉన్న మానిఫోల్డులు. కొన్ని పాత డీజిళ్ళలో మూతి దగ్గర ప్లేటు, అక్కడి నుంచి పంపు వెనక డయాఫ్రమ్‌కి సన్న గొట్టం ఉంటాయి. అది వాక్యూమ్‌తో నడిచే గవర్నర్, అంటే డీజిల్ ఎంత పోవాలో అదుపు చేసేది. ఇన్‌టేక్‌లో వాక్యూమ్ పోయి ప్రెషర్ వస్తే ఆ గవర్నర్ అదుపు తప్పి ఫుల్ డీజిల్ ఇచ్చేస్తుంది. మన బండి పంపుది మెకానికల్ గవర్నర్, అందుకే ముందుకు వెళ్ళాం. మీ బండికి ఆ గొట్టం కనిపిస్తే మానిఫోల్డ్ జోలికి పోకముందే పంపు మార్చాలి.

వేడి గురించి కాస్త. మే నెలలో బయటే 40 డిగ్రీలు. ఆ గాలిని 0.7 బార్ నొక్కితే టర్బో నుంచి వచ్చేటప్పటికి 110, 120 దాకా పోతుంది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టి 65కి దించితే అదే చోటులో సుమారు ఏడో వంతు ఎక్కువ గాలి పడుతుంది. ఈ వేడికి మామూలు రేడియేటర్ హోస్ మెత్తబడి జారిపోతుంది, సిలికాన్ హోసే వేయండి. మానిఫోల్డ్ మూతి అంచున చిన్న కట్ట ఉండాలి, నున్నగా ఉంటే క్లిప్పు ఎంత బిగించినా హోస్ ఊడుతుంది. ఇక టర్బో, ఇన్‌టేక్ ఒకే వైపు కాబట్టి మధ్యలో రేకు అడ్డం తప్పనిసరి.

రోడ్డు మీద ఎలా ఉందంటే, రాపూరు నుంచి చిట్వేలి ఘాట్‌కి బస్తాలతో ఎక్కించాం. టర్బో లేనప్పుడు సెకండ్‌లో ఏడుస్తూ ఎక్కే మలుపులు థర్డ్‌లో ఎక్కింది, నల్ల పొగ బాగా తగ్గింది. రెండు మానిఫోల్డులకీ లాగుడులో పెద్ద తేడా లేదు. తేడా అంతా వేడిలో, లీకులో, నమ్మకంలో ఉంది. ఖర్చు మాత్రం అల్యూమినియందే ఎక్కువైంది, ఇనుప దానికి దాదాపు రెట్టింపు. అయినా ఈ బండికి దాన్నే ఉంచేశాం.

చీమకుర్తి క్వారీల వైపు తిరిగే వాళ్ళకి ఒక మాట. టర్బో తర్వాత లీకు ఉంటే బుస్సుమని శబ్దం వస్తుంది, పికప్ పడిపోతుంది, మీకు తెలిసిపోతుంది. టర్బోకి ముందు లీకు ఉంటే ఏ శబ్దమూ రాదు, గ్రానైట్ పొడి నేరుగా లోపలికి పోయి టర్బో రెక్కల్ని, బోరుని అరగదీస్తుంది. ఫిల్టర్ నుంచి టర్బో దాకా ఉన్న క్లిప్పులే ముందు చూసుకోండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరు మార్చే పనులకు ఆంక్షలున్నాయి. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర అడిగి తెలుసుకోండి.

బిగించాక మొదటిసారి ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారాక నట్లు మళ్ళీ పట్టండి, మధ్య నుంచి చివరలకు. ఫ్లాంజి కొలతల డ్రాయింగ్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను, మీ లేత్ షాపు ఆయనకి చూపించండి. ఉంటానండి.