పైలట్ కావాలంటే ముందు ఖర్చు పెట్టవలసింది దేనికి?

శ్రోతలకు నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు ప్రయాణికుల విమానం ఎక్కాలంటే రేణిగుంటకో, చెన్నైకో, గన్నవరానికో పోవలసిందే. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాము. అయినా కావలిలోనూ, కందుకూరులోనూ, ఒంగోలులోనూ ఇంటర్మీడియట్ చదివే పిల్లల్లో పైలట్ కావాలనుకునే వారికి కొదవలేదు. ఆ పిల్లలకూ, అంతకంటే ముఖ్యంగా వారి కోసం పొలమో రొయ్యల గుంటో అమ్మడానికి సిద్ధపడే తల్లిదండ్రులకూ ఈ పూట చెప్పదలచినది ఒక్కటే. శిక్షణ ఖర్చు సాధారణంగా 50 లక్షల రూపాయలు దాటుతుంది కనుక, తక్కువ డబ్బుతో తేలిపోయే విషయాలన్నీ ముందు తేల్చుకుని, ఆ తరువాతే పెద్ద మొత్తం బయటికి తీయాలి.

అన్నిటికంటే ముందు తేలవలసింది ఆరోగ్యం. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఆమోదించిన వైద్యుల వద్ద మొదట క్లాస్ టూ, తరువాత క్లాస్ వన్ అనే వైద్య పరీక్షలు చేయించుకోవాలి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అవకాశం పోతుందన్న భయం అక్కరలేదు. అద్దాలతో చూపు సరిపోతే చాలు. చిక్కంతా రంగుల దగ్గర వస్తుంది. వైద్యుడు ఒక పుస్తకం తెరిచి, రంగురంగుల చుక్కల నడుమ ఉన్న అంకె చదవమంటాడు. అందరికీ 74గా కనిపించే ఒక పుటలో, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియని వారికి 21 కనిపిస్తుంది. అటువంటి లోపం తనకున్నట్లు అంతవరకు ఎరగని వారూ ఉంటారు. పుట్టుకతో వచ్చిన ఆ లోపాన్ని మందులు సరిచేయలేవు. శిక్షణలో చేరడానికి క్లాస్ టూ పత్రం ఉంటే చాలునని, క్లాస్ వన్ తరువాత చూసుకోవచ్చునని ఎవరైనా చెప్పినా, నా మాటగా మాత్రం క్లాస్ వన్ చేతికి వచ్చేవరకు ఫీజు కట్టవద్దు.

రెండవది చదువు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివినవారికి దారి సుగమం. బైపీసీ వారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా గణితం విడిగా పూర్తిచేయవచ్చు. లైసెన్సు కోసం డీజీసీఏ పెట్టే రాత పరీక్షల్లో నావిగేషన్ అంటే విమానానికి దారి లెక్కకట్టే విద్య, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, సాంకేతిక విషయాలు, వీటిలో ఒక్కొక్కదానిలో 70 శాతం మార్కులు రావాలి. ఈ పుస్తకాలను ఇంటి దగ్గరే మొదలుపెట్టి, మనసు నిలుస్తుందో లేదో చూసుకోవడం మంచిది. వాతావరణ శాస్త్రం మన కోస్తా పిల్లలకు అంత పరాయిది కాదు. మే నెల మధ్యాహ్నం సముద్రపు గాలి ఎప్పుడు తిరుగుతుందో, ఈశాన్య రుతుపవనాల్లో ఉరుముల మేఘం ఎలా పైకి లేస్తుందో వారు చూస్తూ పెరిగినవారే. గాలికి ఎదురుగా ఎగరడం, గాలికి ఎదురుగా దిగడం ఎందుకో వారికి ఇట్టే అర్థమవుతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన వారు ఆంగ్లాన్ని చూసి జంకుతారు గాని, విమానంలోని రేడియోలో మాట్లాడటానికి కావలసింది పాండిత్యం కాదు. నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ చెప్పిన ఎత్తును, దిశను ఒక్క అంకె పొల్లుపోకుండా తిరిగి పలకడం, వినబడకపోతే మొహమాటపడకుండా మళ్లీ చెప్పమనడం, ఇవి రేడియో వార్తలను పైకి పలుకుతూ సాధన చేసినా అలవడతాయి.

ఇక శిక్షణ. జీతానికి విమానం నడపడానికి కావలసిన కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీసం 18 ఏళ్ల వయసు, 200 గంటల గగన విహారం కావాలి. అందులో 100 గంటలు తానే విమానానికి బాధ్యత వహిస్తూ నడపాలి. పని ఎంత నిదానంగా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. చిన్న శిక్షణ విమానం ఎక్కే ముందు, రెక్క కింది చిన్న కుళాయి నుంచి కొంచెం ఇంధనాన్ని పారదర్శకమైన గొట్టంలోకి పట్టి, వెలుతురుకెత్తి చూస్తారు. లేత నీలం రంగు ఇంధనం కింద నీటి బొట్టు నిలిచి ఉంటే, అది పోయేవరకు మళ్లీ మళ్లీ పడతారు. ఈ ఓపిక విసుగనిపించే వారికి ఈ వృత్తి సరిపడదని నా అభిప్రాయం.

రాయ్‌బరేలీ సమీపంలోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రభుత్వ సంస్థ. అక్కడ ప్రవేశ పరీక్ష ఉంటుంది. ప్రైవేటు సంస్థల విషయానికి వస్తే, ప్రకటనలోని విమానాల సంఖ్యను కాక, ఈ రోజు ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి ఎన్ని, శిక్షకులు ఎందరు, కిందటి ఏడాది చేరినవారికి ఎన్ని గంటలు పూర్తయ్యాయి అని అక్కడి విద్యార్థులనే అడగాలి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా, ఎగిరిన గంటలను బట్టి విడతలుగా కట్టే ఏర్పాటు అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.

లైసెన్సు వచ్చిన మరునాడే ఉద్యోగం రాదు. ఎయిర్‌బస్ 320 వంటి ఒక పెద్ద విమానాన్ని నడపడానికి టైప్ రేటింగ్ అనే మరో శిక్షణ కావాలి, దానికి మరికొన్ని లక్షలవుతాయి. కంపెనీలు ఎప్పుడు పిలుస్తాయో వాటి అవసరాన్ని బట్టి ఉంటుంది. ఈ నిరీక్షణ నెలలు కావచ్చు, ఏళ్లు కావచ్చు. ఆ కాలంలో రేటింగులు, అంటే లైసెన్సుతో పాటు ఉండే అర్హతలు, గడువు తీరకుండా నిలుపుకోవడానికీ, ఏటా వైద్య పరీక్షకూ అయ్యే ఖర్చును బ్యాంకు వాయిదాలతో కలిపి మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. దూరవిద్యలోనైనా ఒక డిగ్రీ పూర్తిచేసి ఉంచుకుంటే, ఆ వాయిదాలు కట్టుకోవడానికి ఈలోగా వేరే ఉద్యోగం చేసుకునే వీలుంటుంది.