ఒక్క సీటు పార్టీ

శ్రోతలకు నమస్కారం. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది. ఆ ఊపు తెచ్చిన యుకిప్, అంటే యూకే ఇండిపెండెన్స్ పార్టీకి, బ్రిటన్ సాధారణ ఎన్నికల్లో దక్కింది ఒకే ఒక్క సీటు, అదీ ఒక్కసారే. మరి అంత పని ఎలా చేయగలిగింది?

1993లో ఈ పార్టీ పెట్టినవారు అలన్ స్కెడ్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చరిత్ర పాఠాలు చెప్పేవారు. యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంతో బ్రిటన్ అధికారాలు ఆ యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్ చేతికి పోతున్నాయని ఆయన బాధ. ఐరోపా పార్లమెంటుకు గెలిచినా సరే, మనవాళ్లు అక్కడ కూర్చోకూడదని ఆయన పట్టు. 1997లో ఆయన తప్పుకున్నాక పార్టీ ఆ పట్టు వదిలేసింది.

అక్కడే దాని దశ తిరిగింది. యూరప్ అంటే అభిమానం ఉన్న టోనీ బ్లెయిర్ ప్రభుత్వమే, 1999 ఐరోపా ఎన్నికలకు దామాషా పద్ధతి తెచ్చింది. అంటే ఎన్ని ఓట్లో ఆ మేరకు సీట్లు. యుకిప్‌కు 3 వచ్చాయి. గెలిచినవారిలో నైజెల్ ఫరాజ్ ఒకరు. ఏ సభను వద్దంటున్నారో ఆ సభ జీతం తీసుకుంటూ, ఆ సభ మైకులోనే దాన్ని దుమ్మెత్తిపోశారాయన. 2014కల్లా బ్రిటన్‌కున్న 73 ఐరోపా సీట్లలో 24 గెలిచి పార్టీ మొదటి స్థానానికి వచ్చింది.

స్వదేశంలో మాత్రం మన లోక్‌సభ ఎన్నికల లెక్కే. నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లదే సీటు. 2015లో యుకిప్‌కు సుమారు 39 లక్షల ఓట్లొస్తే క్లాక్టన్ అనే నియోజకవర్గం ఒక్కటే దక్కింది. అదే ఎన్నికలో స్కాట్లండ్ జాతీయ పార్టీకి 15 లక్షల లోపు ఓట్లతో 56 సీట్లు!

అయితే యుకిప్ అసలు బలం సీట్లలో లేదు, ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్టీ అయిన కన్సర్వేటివ్‌లకు పక్కలో బల్లెంగా ఉండటంలో ఉంది. ఓట్లు చీలుతాయన్న భయం, సొంత ఎంపీల పోరు కలిసి, యూనియన్‌లో ఉండాలా వద్దా అన్నదానిపై ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని 2013లో కామెరాన్ చేత మాట ఇప్పించాయి. ఉండాలన్నవారే గెలుస్తారన్న ధీమా కూడా ఆయనకు ఉండే ఉంటుంది లెండి. 2016 జూన్ 23న 51.9 శాతం మంది బయటికే ఓటేశారు. మర్నాడే కామెరాన్ రాజీనామా ప్రకటించారు.

కోరిక తీరాక యుకిప్‌కు పనే లేకపోయింది. 2017లో 2 శాతం ఓట్లు కూడా రాలేదు. ఫరాజ్ బయటికొచ్చి బ్రెగ్జిట్ పార్టీతో ముందుకొచ్చారు. అదే ఇప్పటి రిఫార్మ్ యూకే. 2024లో దానికి 5 సీట్లొచ్చాయి. ఎనిమిదో ప్రయత్నంలో, అదే క్లాక్టన్ నుంచి, ఫరాజ్ కూడా వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే బ్రిటన్ పార్లమెంటులో, అడుగుపెట్టారు.

యుకిప్ ఎప్పటినుంచో అడిగిన పాయింట్ల పద్ధతి వీసాలు, అంటే ఉద్యోగం, జీతం, ఇంగ్లీషు లాంటివాటికి పాయింట్లు లెక్కేసి ఇచ్చేవి, 2021లో వచ్చాయి. యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు, భారత్ నుంచి వెళ్లే విద్యార్థులు, నర్సులు బాగా పెరిగారు. వారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇప్పుడు రిఫార్మ్ యూకే తగ్గించాలంటున్న వలసల్లో ఈ వీసాలు కూడా ఉన్నాయి. నమస్కారం.