పంట పెరిగింది, ఊరు తగ్గింది: హిండ్‌మార్ష్ జనాభా లెక్కలు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'ఆస్ట్రేలియా గ్రామీణ ప్రాంతాల్లో ఉపాధి'. ఖండమంత దేశం గురించి అరగంటలో చెప్పబోతే గాలి కబుర్లే మిగులుతాయి. అందుకని ఒక్క ప్రాంతాన్నే పట్టుకుంటాను. మెల్‌బోర్న్ నుంచి వెస్టర్న్ హైవే మీద అడిలైడ్ వైపు సుమారు 370 కిలోమీటర్లు వెళితే నిల్ అనే ఊరు వస్తుంది. రెండు నగరాలకూ ఇంచుమించు మధ్యలో ఉంటుంది. హిండ్‌మార్ష్ షైర్, అంటే ఆ పేరున్న స్థానిక పాలనా ప్రాంతం, దాని కౌన్సిల్ కార్యాలయం అక్కడే. డింబూలా, జెపరిట్, రెయిన్‌బో ఆ షైర్‌లోని మిగతా పెద్ద ఊళ్లు. పెద్ద ఊళ్లంటే మన లెక్కలో కాదు, వాళ్ల లెక్కలో. జెపరిట్ జనం కొన్ని వందలు మాత్రమే. అయినా ఈ దేశాన్ని అందరికంటే ఎక్కువ కాలం ఏలిన ప్రధాని రాబర్ట్ మెంజీస్ 1894లో పుట్టింది ఆ ఊళ్లోనే. వాళ్ల నాన్నది అక్కడ దుకాణం.

ఇప్పుడు అంకెలు. షైర్ విస్తీర్ణం సుమారు 7,500 చదరపు కిలోమీటర్లు. జనాభా 2016 లెక్కల్లో 5,721, 2021 లెక్కల్లో 5,698. విడగొట్టక ముందు కృష్ణా జిల్లా 8,727 చదరపు కిలోమీటర్లు; 2011లో అక్కడి జనం 45 లక్షలు. అంటే మనకు తెలిసిన ఒక జిల్లా అంత నేల మీద, మన పెద్ద పంచాయతీ ఒకదానికి సరిపడా మనుషులున్నారన్నమాట.

ఈ అంకె చూడగానే ఎండిపోయి, పాడుబడి, పొట్ట చేతపట్టుకుని జనం వదిలిపోయిన చోటు అనిపిస్తుంది. ఈ రోజు నేను వాదించబోయేది దానికి పూర్తిగా విరుద్ధం. హిండ్‌మార్ష్‌లో మనుషులు తగ్గింది సేద్యం చితికిపోయి కాదు. సేద్యం బాగుపడే కొద్దీ దానికి మనుషుల అవసరం తగ్గిపోయింది.

అక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 400 మిల్లీమీటర్లు. అనంతపురం కంటే తక్కువ. అయితే అందులో ఎక్కువ భాగం చలికాలంలో (అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా), పైరు మీదున్నప్పుడు పడుతుంది కాబట్టి ఆవిరైపోయేది తక్కువ. ఏప్రిల్ నెలాఖరులో ఆన్‌జాక్ దినం వస్తుందనగా గోధుమ, బార్లీ, కనోలా అనే నూనెగింజ, ఎర్రపప్పు విత్తడం మొదలుపెడతారు. కోతలు నవంబరు, డిసెంబరుల్లో. నేల దున్నడం చాలామంది ఎప్పుడో మానేశారు. పాత పంట కొయ్యకాళ్లను అలాగే నిలబెట్టి, వాటి వరసల మధ్య విత్తుతారు. దానివల్ల తేమ నిలుస్తుంది, మట్టి గాలికి ఎగిరిపోదు.

ఆ విత్తడం ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. ట్రాక్టరు వెనక పదీ పన్నెండు మీటర్ల వెడల్పున విత్తే యంత్రం ఉంటుంది. స్టీరింగును ఉపగ్రహం తిప్పుతుంటుంది. లోపల కూర్చున్న రైతు గింజ ఎంత పడుతోందో, ఎరువు ఎంత పడుతోందో తెర మీద చూస్తూ, మధ్యలో ఫోనులో ధరలు కనుక్కుంటుంటాడు. కోతకు వాడే పెద్ద హార్వెస్టరు, వాళ్లు 'హెడర్' అంటారు, కొత్తది కొంటే పది లక్షల ఆస్ట్రేలియా డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంత పెట్టుబడి గిట్టుబాటు కావాలంటే కమతం వేల ఎకరాల్లో ఉండాలి. కాబట్టి పక్క రైతు వయసు మీరి అమ్మితే ఇతను కొంటాడు. పొలం ఒక్క సెంటు కూడా బీడు పడదు, దిగుబడి తగ్గదు. తగ్గేది మనుషులు. ఒక ఇల్లు తాళం పడుతుంది, బడిలో ఇద్దరు పిల్లలు తగ్గుతారు, ఫుట్‌బాల్ క్లబ్బులో ఒకడు తగ్గుతాడు. ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్‌కు మైదానంలో 18 మంది కావాలి. జెపరిట్, రెయిన్‌బో రెండూ కలిసి ఒకే జట్టు కట్టుకోవాల్సి వచ్చిందంటే, నా దృష్టిలో ఏ జనాభా నివేదికా అంతకన్నా సూటిగా చెప్పలేదు.

రైలూ అంతే. డింబూలా ఒకప్పుడు రైల్వే ఊరు. ఇంజన్లు, సిబ్బంది, క్వార్టర్లు అన్నీ ఉండేవి. మెల్‌బోర్న్, అడిలైడ్ లైను ఈనాటికీ అదే ఊరి మీదుగా పోతుంది. 'ఓవర్‌ల్యాండ్' ప్రయాణికుల బండి వారానికి రెండుసార్లు వచ్చి ఆగుతుంది. పట్టాలున్నాయి, బళ్లున్నాయి, వాటిని నమ్ముకుని ఊళ్లో బతికిన కుటుంబాలే లేవు.

నీటి సంగతి ఒక్క మాటలో చెప్పి దాటేస్తాను. హిండ్‌మార్ష్ ఉన్న విమ్మెరా ప్రాంతానికి, దాని పక్క మాలీ ప్రాంతానికి 17,000 కిలోమీటర్లకు పైగా మట్టి కాలువలు ఉండేవి. వదిలిన నీటిలో చాలా భాగం దారిలోనే ఇంకిపోయేది, ఆవిరైపోయేది. 2010 నాటికి వాటి స్థానంలో సుమారు 9,000 కిలోమీటర్ల పైపులు వేశారు. ఈ పైపులు లేకపోతే అక్కడ కొత్త పరిశ్రమ గురించి మాట్లాడుకోవడమే దండగ.

ఇక మనకు నేరుగా సంబంధం ఉన్న విషయం, ఎర్రపప్పు. విమ్మెరా ఆస్ట్రేలియాలో ఈ పంటకు పెట్టింది పేరు. అక్కడివాళ్లు దాన్ని పెద్దగా తినరు, పండించేదంతా మనబోటివాళ్ల కోసమే. మన దేశంలో వరసగా వానలు తప్పిన 2015 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో టన్ను ధర 1,000 డాలర్లు దాటింది. రైతులు కొత్త ట్రాక్టర్లు, కొత్త గోదాములు కొన్నారు. 2017 డిసెంబరులో భారత ప్రభుత్వం శనగల మీద, ఎర్రపప్పు మీద 30 శాతం దిగుమతి సుంకం వేసింది. మన రైతుకు ధర నిలబెట్టాలన్న ఉద్దేశం, అందులో న్యాయం ఉంది. కానీ ఢిల్లీలో పడిన ఆ సంతకం దెబ్బ రెయిన్‌బోలోని యంత్రాల దుకాణానికి తగిలింది. తర్వాత 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన రెండు దేశాల వాణిజ్య ఒప్పందంలో, ఏడాదికి లక్షా యాభై వేల టన్నుల ఎర్రపప్పు వరకు సుంకం సగానికి తగ్గించారు. ఎగుమతి పంట మీద బతికే ఊరి ఆర్థిక చిత్రం గీయాలంటే ఆ ఊరి సరిహద్దు దగ్గర ఆగితే కుదరదు.

వయసు లెక్క మరీ ముఖ్యం. షైర్ జనాన్నంతా వయసు వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే మనిషికి దాదాపు 50 ఏళ్లుంటాయి. దేశం మొత్తానికైతే 38. కాబట్టి వ్యవసాయం తర్వాత అక్కడ ఉద్యోగాలకు ప్రధాన ఆధారం వైద్యం, వృద్ధుల సంరక్షణ. నిల్ కేంద్రంగా పనిచేసే వెస్ట్ విమ్మెరా హెల్త్ సర్వీస్ వంటి సంస్థలు, కౌన్సిల్, బడులు ఏడాది పొడవునా జీతాలు ఇస్తాయి. పంట పోయిన ఏడాది కూడా ఊళ్లో కొట్లు తెరిచి ఉంటున్నాయంటే ఈ జీతాల పుణ్యమే. నర్సు ఉద్యోగాన్ని 'సేవా రంగం' గడిలో వేసి వదిలేసే ఆర్థిక నివేదికల మీద నాకు కొంచెం కోపం ఉంది.

ఇంతవరకూ చెప్పింది తగ్గుదల కథ. దీన్ని ఒక ఊరు ఆపింది. ఎలాగన్నది కాస్త వివరంగా చెబుతాను.

నిల్‌లో లవ్-ఎ-డక్ అనే బాతు మాంసం సంస్థ ఉంది. 2009 ప్రాంతంలో విస్తరిద్దామంటే పనివాళ్లు దొరకలేదు. ఊళ్లో నిరుద్యోగులంటూ పెద్దగా లేరు, బయటినుంచి ఎవరూ రారు. అదే సమయంలో బర్మా నుంచి పారిపోయి, థాయ్ సరిహద్దు శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చిన కరెన్ జాతి కుటుంబాలు మెల్‌బోర్న్ పడమటి శివారు వెరిబీలో పని దొరకక ఉన్నాయి. అవును, మనలో చాలామంది ఇళ్లున్న వెరిబీయే. సంస్థ అప్పటి జనరల్ మేనేజర్ జాన్ మిల్లింగ్టన్, ఆయన భార్య మార్గరెట్, వలసదారుల సేవా సంస్థ ఏమ్స్ కలిసి వాళ్లను నిల్‌కు తీసుకెళ్లారు.

ఇందులో నాకు నచ్చింది వాళ్లు పాటించిన వరస. ముందు ఊరి పెద్దలతో మాట్లాడారు. ఎవరు వస్తున్నారు, వాళ్లు ఏం చూసి వచ్చారు అన్నది ఊరికి చెప్పారు. తర్వాత కరెన్ కుటుంబాలకు ఊరు చూపించి, నచ్చితేనే రమ్మన్నారు. మొదట కొద్దిమందిని తెచ్చి, ఇల్లు, బడి, డ్రైవింగ్ లైసెన్సు దగ్గరుండి చూశారు. వాళ్లు నిలదొక్కుకున్నాక వాళ్ల బంధువులు వాళ్లంతట వాళ్లే వచ్చారు. సుమారు రెండు వేల జనాభా ఉన్న ఊరికి అయిదేళ్లు తిరక్కుండా 160 మంది దాకా చేరారు. 2015లో ఏమ్స్, ఆర్థిక సలహా సంస్థ డెలాయిట్ యాక్సెస్ ఎకనామిక్స్ కలిసి వేసిన లెక్క ప్రకారం ఆ అయిదేళ్లలో ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థకు దాదాపు 4.15 కోట్ల డాలర్లు, పూర్తికాలపు ఉద్యోగాల లెక్కలో 70.5 ఉద్యోగాలు సమకూరాయి. మహానగరంలో 160 మంది వచ్చినా పోయినా ఎవరికీ తెలియదు. నిల్‌లో ఆ సంఖ్య పడిపోతున్న జనాభా గీతను నిలబెట్టింది. తర్వాత కరెన్ మహిళలు 'పా పో' పేరుతో కుట్టుపని, నేతపని అమ్మే సంస్థ కూడా పెట్టుకున్నారు.

మరి మిగతా ఊళ్లు ఇదే పని ఎందుకు చేయలేవు? అడ్డం పడేది ఉద్యోగాల కొరత కాదు, ఇళ్ల కొరత. వినడానికి వింతగా ఉంటుంది. జనం తగ్గిన చోట తాళం వేసిన ఇళ్లుంటాయి గదా అంటారు. ఉంటాయి. అవి పొలాల మధ్య పాతబడిన చెక్క ఇళ్లు, అద్దెకు ఇవ్వాలంటే లక్ష మరమ్మతులు. కొత్తది కడదామంటే మేస్త్రీలు దూరం నుంచి రావాలి. కట్టడానికి అయ్యే ఖర్చు కంటే కట్టాక అమ్మితే వచ్చేది తక్కువ. బ్యాంకు అప్పు ఇచ్చేది ఆ అమ్మకపు విలువ చూసి. ఇక ఎవరు కడతారు? రెండో అడ్డంకి పిల్లల సంరక్షణ కేంద్రాలు చాలకపోవడం. ఊళ్లో నర్సు ఉంటుంది, ఆసుపత్రిలో ఖాళీ ఉంటుంది, పసిబిడ్డను చూసుకునే చోటు ఉండదు. ఆమె 'ఉద్యోగం వెతకడం లేదు' కనుక నిరుద్యోగుల లెక్కలోకి కూడా రాదు. నిరుద్యోగం తక్కువ అని మురిసిపోయే ముందు ఈ మెలిక గుర్తుంచుకోవాలి.

ఇక్కడున్న యువతీయువకుల్లో చాలామంది 491 వీసా, అంటే ప్రాంతీయ నైపుణ్య వీసా గురించి అడగడానికే వచ్చారని నాకు తెలుసు. 2019 నవంబరులో వచ్చిన ఈ వీసా అయిదేళ్లు చెల్లుతుంది. అర్హతలో 15 పాయింట్లు అదనం. ప్రాంతీయ ఆస్ట్రేలియాలోనే, అంటే పెద్ద మహానగరాల బయటే ఉండి పని చేయాలి. షరతులు నెరవేర్చి, మూడేళ్ల ఆదాయ పన్ను మదింపు పత్రాలు చూపితే 191 వీసా కింద శాశ్వత నివాసం కోరవచ్చు. హిండ్‌మార్ష్ ఆ పరిధిలోకే వస్తుంది. అయితే మూడేళ్లు లెక్కపెట్టుకుని, అవగానే పెట్టె సర్దే మనిషి జనాభా పట్టికలో ఒకసారి కలిసి ఒకసారి తీసివేయబడతాడు, అంతే. ఊరి వైపు నుంచి చూస్తే ఆ రెండూ కలిపితే సున్నా.

కాబట్టి ఉద్యోగం వచ్చిందని ఒప్పుకునే ముందు, జీతం ఎంతో అడిగిన నోటితోనే యజమానిని ఇల్లు ఎవరు చూపిస్తారో, భార్యకో భర్తకో అక్కడ పని దొరుకుతుందో, బిడ్డను ఎక్కడ వదలాలో అడగండి. కౌన్సిల్‌కు ఫోను చేసి కూడా అడగవచ్చు. చిన్న ఊళ్లలో ఆ ఫోను ఎత్తేది, సమాధానం తెలిసినదీ చాలాసార్లు ఒకే మనిషి. నేను చెప్పవలసింది ఇంతే. మీ ప్రశ్నలు వింటాను.