పెళ్ళి జరిపించడానికీ ఒక చదువుంది

సభలోని పెద్దలకూ, అక్కచెల్లెళ్ళకూ నమస్కారం.

తిరుపతిలో నిలబడి పెళ్ళిళ్ళ గురించి మాట్లాడాలంటే ఎవరికైనా కాస్త బెరుకుంటుంది. ముహూర్తాల రోజుల్లో ఈ ఊళ్ళో కల్యాణ మండపం దొరకదు. నారాయణవనం వెళ్తే పద్మావతీ శ్రీనివాసుల పెళ్ళి మొన్ననే జరిగినట్టు చెప్తారు. ఇట్లాంటి చోట నేను పురోహితుడు లేని పెళ్ళి గురించి, దాన్ని జరిపించడం కోసం మెల్‌బోర్న్‌లో ఇంట్లో కూర్చుని చదివిన చదువు గురించి చెప్పబోతున్నాను. పురోహితుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. శాస్త్రోక్తంగా కావాలనుకునేవాళ్ళకు వాళ్ళున్నారు. అట్లా వద్దనుకునేవాళ్ళకూ, మతాలు వేరైన జంటలకూ ఎవరున్నారన్నదే నా ప్రశ్న.

ఆస్ట్రేలియాలో కూడా ఒకప్పుడు చర్చి వద్దనుకుంటే రిజిస్ట్రీ ఆఫీసే గతి. 1973లో అప్పటి అటార్నీ జనరల్ లయొనెల్ మర్ఫీ మామూలు పౌరులను పెళ్ళిళ్ళు జరిపించడానికి నియమించడం మొదలుపెట్టారు. ఆ ఏడాది జులై 19న తొలి నియామకం లోయిస్ డార్సీ అనే యువతిది. వీళ్ళను సివిల్ సెలబ్రెంట్లు అంటారు. ఇప్పుడు అక్కడ పది పెళ్ళిళ్ళలో ఎనిమిది వీళ్ళ చేతుల మీదుగానే జరుగుతున్నాయి.

సెలబ్రెంట్ కావాలంటే సాధారణంగా సర్టిఫికెట్ ఫోర్ ఇన్ సెలబ్రెన్సీ అనే కోర్సు చేసి, ఆ తర్వాత ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కోర్సు దూరవిద్యలో చేయొచ్చు. ఎస్వీ యూనివర్సిటీ దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్ళు ఈ హాల్లో కొందరైనా ఉంటారు కాబట్టి పగలంతా ఇంటిపనీ ఉద్యోగమూ అయ్యాక రాత్రి అసైన్‌మెంట్లు రాసే కష్టం నేను వేరే చెప్పక్కర్లేదు.

చట్టం భాగం బట్టీ పడితే వచ్చేస్తుంది. పెళ్ళి చేసుకోబోతున్నామన్న నోటీసును జంట సెలబ్రెంట్‌కు పెళ్ళికి కనీసం నెల ముందు ఇవ్వాలి, ఇచ్చి పద్దెనిమిది నెలలు దాటకూడదు. ఇద్దరు సాక్షులుండాలి. పెళ్ళయ్యాక 14 రోజుల్లో కాగితాలు పంపాలి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సమ్మతి గురించిన పాఠం. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా లేదా అని తేల్చుకోవడం సెలబ్రెంట్ బాధ్యత. 2024 జూన్ నుంచి పెళ్ళికి ముందు ఇద్దరినీ విడివిడిగా, ఎదురెదురుగా కలిసి మాట్లాడాలని చట్టంలోనే పెట్టారు. మన ఇళ్ళల్లో అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకిది ఇష్టమేనా అమ్మా?" అని బయటి మనిషి ఒకరు తీరిగ్గా అడిగే సందర్భం ఎప్పుడైనా వస్తుందా? పెళ్ళిచూపుల్లో అడిగినా చుట్టూ పదిమంది ఉంటారు. ఈ ఒక్క నియమం కోసమైనా ఆ చదువు మన దగ్గరికి రావాలని నా కోరిక.

ఇంకో సగం వినడం, రాయడం. జంటతో మాట్లాడి వాళ్ళ మాటల్లోనే ప్రమాణాలు రాయించాలి. అంతిమ సంస్కారాల సభ నడపడానికీ ఈ కోర్సులో తయారు చేస్తారు. చనిపోయినాయన గురించి ఇంట్లోవాళ్ళను అడిగితే ముందు "చాలా మంచివాడు" అంటారు. అక్కడ ఆగిపోకూడదు. పొద్దున లేచి మొదట ఏం చేసేవాడు, ఎవరి మీద కోప్పడేవాడు, ఏ పాట వస్తే రేడియో సౌండు పెంచేవాడు అని మెల్లగా అడగాలి. మనిషి అప్పుడు కనబడతాడు. రాసింది చదివేటప్పుడు గొంతు వణకకుండా చూసుకోవడం మాత్రం పుస్తకంలో రాదు. బంధువులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వీడియో తీసుకుని, మళ్ళీ మళ్ళీ సాధన చేయాల్సిందే. దూరవిద్యకున్న లోటు అది. దాన్ని ఎవరికివారు పూడ్చుకోవాలి.

మనకిది పూర్తిగా కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే పెళ్ళి మంత్రాలు రాసి, తానే నిలబడి పెళ్ళిళ్ళు జరిపించారు. దండల పెళ్ళిళ్ళు, స్టేజీ పెళ్ళిళ్ళు మన పెద్దలు చూసినవే. అయితే వాటిలో చాలాసార్లు వక్తల ఉపన్యాసాల మధ్య పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మూగగా కూర్చునేవాళ్ళు. నాకది బాధనిపిస్తుంది.

మతంతో పని లేకుండా పెళ్ళి చేసుకోవడానికి మన దేశంలో ఉన్న 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో ఒక మంచి వెసులుబాటుంది. 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, మ్యారేజ్ ఆఫీసర్ తప్పనిసరి. పెళ్ళి ఏ పద్ధతిలో జరగాలన్నది మాత్రం జంట ఇష్టం. ఒకరినొకరు స్వీకరిస్తున్నామన్న మాట తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. అదనపు ఫీజు కడితే ఆఫీసు బయట, దగ్గర్లోని చోట కూడా జరిపించుకోవచ్చు. మన దేశంలో సెలబ్రెంట్‌కు పెళ్ళి చేసే అధికారం లేదు, సంతకాలు ఆఫీసర్ ముందే. కానీ ఆ సంతకాల చుట్టూ ఒక అరగంట అందంగా, అర్థవంతంగా నడిపే మనిషి ఉంటే ఏ చట్టమూ వద్దనదు.

అందుకే ఇక్కడి విశ్వవిద్యాలయాల దూరవిద్య విభాగాలను నేను అడుగుతున్నాను: ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటి తెలుగులో పెట్టండి. కుటుంబ చట్టాలు, మాట్లాడించే పద్ధతి, రాత, మైకు ముందు సాధన ఉంటే చాలు. రిటైరైన టీచర్లు, ఇంటి దగ్గరుండే చదువుకున్న ఆడవాళ్ళు దీనికి ముందుకొస్తారని నా నమ్మకం. కోర్సు వచ్చేలోగా సంస్మరణ సభలతో మొదలుపెట్టొచ్చు, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంట్లోవాళ్ళను అడగాల్సిన ప్రశ్నలు తెలుగులో రాసుకొచ్చాను, కాపీలు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. కావాల్సినవాళ్ళు తీసుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.