సీసా మీద రాసి ఉన్నది: సరిహద్దు దుకాణంలో ఏ మద్యం అమ్మవచ్చు?

పెద్దలకు, సోదరీసోదరులకు నమస్కారం.

మద్యం మంచిచెడ్డల జోలికి నేను ఈ రోజు వెళ్లను. మన పర్లాకిమిడిలో లైసెన్సున్న దుకాణం ఏ సరుకు అమ్మవచ్చు, ఏది అమ్మకూడదు అన్నంతవరకే మాట్లాడతాను. ఆ సంగతి తెలియక కేసుల్లో ఇరుక్కున్న మనవాళ్ల తరఫున వాదించినవాణ్ని కాబట్టి ఇది నాకు పుస్తకాల్లో చదివిన విషయం మాత్రమే కాదు.

రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా, 8వ అంశం కింద, మత్తుపానీయాల తయారీని, రవాణాను, అమ్మకాన్ని రాష్ట్రాలకే వదిలింది. వాటిపై సుంకం వేసే అధికారాన్ని 51వ అంశం ఇచ్చింది. అందువల్ల ఇక్కడ చెల్లేది 2017లో అమల్లోకి వచ్చిన ఒడిశా ఎక్సైజు చట్టం, 2008. పొలిమేర దాటి పాతపట్నంలో అడుగుపెడితే ఆంధ్రప్రదేశ్ చట్టం.

ఈ ఖాళీ క్వార్టరు సీసాను చూడండి. 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం ఆల్కహాలు. లేబులు అడుగున, కళ్లజోడు లేకపోతే నాకు ఆనని అక్షరాల్లో, ఏ రాష్ట్రంలో అమ్మకానికో రాసి ఉంది. మూత మీదుగా ఎక్సైజు స్టిక్కరు చిరిగి ఉంది. ఇలాంటి సీసాలనే ఒక కిరాణా కొట్టు కుర్రవాడు పాతపట్నం నుంచి తెచ్చి అమ్మి పట్టుబడ్డాడు. అప్పట్లో అక్కడివి సర్కారు దుకాణాలే. “గవర్నమెంటు షాపులో కొన్న సరుకే కదండీ, నకిలీ కాదు కదా!” అని నా దగ్గర ఏడ్చాడు. సరుకు అసలుదే, కాని దాని సుంకం ఆంధ్రకు చేరింది, ఒడిశాకు కాదు. అతనికి లైసెన్సు లేకపోవడం ఒక నేరమైతే, లైసెన్సున్న దుకాణం సైతం ఆ సీసాను అరలో పెట్టకూడదన్నది అంతకంటే ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం. ఇక్కడి ఆఫ్ షాపు, అంటే సీసా కొని బయటికి పట్టుకెళ్లే దుకాణం, ప్రభుత్వ సంస్థ అయిన ఒడిశా స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా వచ్చిన సరుకునే అమ్మాలి. ఇప్పసారాకు లైసెన్సు వేరు.

ఆఫ్ షాపులో సీలు విప్పి గ్లాసులో పోసి అమ్మడం కూడా తప్పే, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు. మిథైల్ ఆల్కహాలు అనే విషం కలిసిన సారాను కంటితో చూసిగాని, వాసన చూసిగాని గుర్తుపట్టలేము; అది ముందు చూపును తీస్తుంది, తరువాత ప్రాణాన్ని. 1992లో కటక్‌లో కల్తీసారా 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. సీలు విప్పిన సీసాలో ఏముందో చెప్పగలిగేది ప్రయోగశాల ఒక్కటే, కొనేవాడి చేతిలో అది ఉండదు.

ఈ నిబంధనలు మన కూలివాళ్లలో చాలామందికి చదవడం రాని ఒడియాలోనో, ఇంగ్లీషులోనో ఉన్నాయి. ప్రతి దుకాణం ముందు తెలుగులోనూ బోర్డు పెట్టాలని కోరుతూ ఎక్సైజు శాఖకు అర్జీ రాశాను. అది ఈ బల్ల మీదే ఉంది. చదివి, సమ్మతమైతే సంతకం చేయండి.